ముందు రాబోయే ఊరి పేరు



బస్సెక్కిన మనిషికి రెండు సంగతులు తెలియాలి. ఈ బస్సు ఎక్కడికి వెళుతుంది, ఇప్పుడు ఎక్కడుంది. మొదటిదానికి బస్సు నుదుటి మీద బోర్డు ఉంది. అది రోడ్డు మీద నిలబడి ఎదురుచూసేవాళ్ల కోసం. టిక్కెట్టు తీసుకుని లోపల కూర్చున్నవాళ్ల కోసం మన పల్లె బస్సుల్లో ఒక్క అక్షరం లేదు. కిటికీలోంచి చూసి పోల్చుకోవాలి, లేదా పక్కవాళ్లని అడగాలి. ఈ లోటు తీర్చడానికి వందేళ్లకు ముందే మనుషులు ఒక యంత్రం చేశారు. ఆ యంత్రం ఎలా పనిచేసేదో, దాని నుంచి మన గోదావరి డెల్టా బస్సులు ఏం నేర్చుకోవచ్చో ఈ పూట మీతో చెప్పుకుంటాను.

తణుకులో ఎక్కి అత్తిలి మీదుగా భీమవరం వైపు వెళ్లే దారి ఒక్కసారి తలుచుకోండి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక గోదావరి నీళ్లు కాలువలై ఈ నేలంతా పారాయి. అత్తిలి పేరుతోనే ఒక కాలువ ఉంది. ఇక్కడ కొండ లేదు, గుట్ట లేదు. కంటికి ఆనవాలుగా నిలిచే ఎత్తయినది ఏదీ లేదు. ఎటు చూసినా వరిచేలు, కాలువ గట్లు, కొబ్బరిచెట్లు, చేపల చెరువులు. మంచిలి, ఆరవల్లి, వరిఘేడు, కొమ్మర ఊళ్లవాళ్లు మలుపు చూసి ఊరు చెప్పేస్తారు. చుట్టపుచూపుగా వచ్చినవాళ్లకు మాత్రం ఒక వంతెన ఇంకో వంతెనలాగే ఉంటుంది, ఒక రైసుమిల్లు గోడ ఇంకో రైసుమిల్లు గోడలాగే ఉంటుంది.

ఇక పొద్దుగూకాక సంగతి వేరు. ఆకివీడు, కైకలూరు వైపు కొల్లేటి దారుల్లో వెళ్లినవాళ్లకు తెలుసు, రోడ్డుకు రెండు పక్కలా చెరువుల నీళ్లే. మైళ్ల కొద్దీ ఒకటే చీకటి. ఎక్కడో గట్టు మీద కాపలా పాకలో దీపం కనిపిస్తుంది. అది ఏ ఊరి పొలిమేరో చెప్పడం కష్టం. వానాకాలంలో కిటికీలన్నీ మూసేస్తే ఆ దీపం కూడా కనపడదు. అలాంటి రాత్రి దిగాల్సిన చోటు దాటిపోతే, తిరుగు బస్సు తెల్లారితే గాని దొరకని ఊళ్లున్నాయి. ఆ చీకట్లో సామానుతో, చంటిబిడ్డతో నిలబడిపోయే మనిషి కష్టం చిన్నది కాదు.

ఇన్నాళ్లూ ఈ లోటు తీర్చింది కండక్టరు గొంతు. ‘దిగేవాళ్లున్నారా, దిగేవాళ్లు ముందుకు రండి’ అంటూ ఊరి పేరు పిలిచి, ‘హోల్డాన్’ అని ఆపించి, అందరూ దిగాక ‘రైట్ రైట్’ అని పంపించే ఆ గొంతు మీద మన పల్లెలు దశాబ్దాలుగా ఆధారపడ్డాయి. ‘పెద్దమ్మా, మీ ఊరొచ్చింది, నిదానంగా దిగు’ అని గుర్తుపెట్టుకుని చెప్పే కండక్టర్లను నేను ఎంతగానో గౌరవిస్తాను. వాళ్ల ఉద్యోగ నిబంధనల్లో ఆ ఆప్యాయత రాసిపెట్టి లేదు. వాళ్లంతట వాళ్లు చేసే మేలు అది.

కాని ఆ ఒక్క గొంతు మీద ఎంత బరువు పెడుతున్నామో చూడండి. 2025 ఆగస్టు 15న రాష్ట్రంలో స్త్రీశక్తి పథకం మొదలైంది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితమైంది. ఇన్నేళ్లూ ఊరు దాటని ఆడవాళ్లు ఇప్పుడు ఒంటరిగా బయలుదేరుతున్నారు. పక్క మండలానికి, పక్క జిల్లాకు, ఆస్పత్రికి, గుడికి, కాలేజీలో ఉన్న కూతురి దగ్గరికి వెళ్లివస్తున్నారు. ఇది చాలా మంచి మార్పు. అదే సమయంలో బస్సుల్లో రద్దీ పెరిగింది. నిండుగా ఉన్న బస్సులో వెనక తలుపు దగ్గర కండక్టరు పిలిచిన పేరు ముందు వరసకు చేరదు. కొన్ని సర్వీసుల్లో కండక్టరే ఉండడు, డ్రైవరే టిక్కెట్లు కొట్టి బండి నడుపుతాడు. అక్కడ ఊరి పేరు పిలిచేదెవరు?

అడిగితే సరిపోదా అంటారు కొందరు. అడగలేనివాళ్లు ఎందరో ఉన్నారు. చెవులు వినిపించనివాళ్లు అడిగినా జవాబు వినలేరు. చూపు లేనివాళ్లు అడిగి తెలుసుకున్నా, చెప్పినవాళ్లు మధ్యలో దిగిపోతే మళ్లీ మొదటికొస్తారు. రాత్రి బస్సులో ఒంటరిగా ఉన్న ఆడపిల్ల, తను ఏ ఊళ్లో దిగుతుందో ముక్కూ మొహం తెలియని మగవాళ్లకు చెప్పడానికి వెనకాడుతుంది. ఆ జంకులో న్యాయం ఉంది. చేపల చెరువుల మీద పనికి వేరే రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లకు మన భాషే రాదు. నోరు తెరిచి ఎవరినీ ప్రాధేయపడకుండా తను ఎక్కడున్నదీ తెలుసుకోవడం ప్రయాణికుడి హక్కు. నేను ఈ రోజు చెప్పదలుచుకున్నదల్లా ఈ ఒక్క మాటే.

ఇప్పుడు ఆ పాత యంత్రం సంగతికి వద్దాం.

1888లో అమెరికాలోని రిచ్‌మండ్ నగరంలో ఫ్రాంక్ స్ప్రేగ్ అనే ఇంజనీరు కరెంటు ట్రాము వ్యవస్థను జయప్రదంగా నడిపించాడు. మన దేశంలో మొదటి కరెంటు ట్రాము 1895లో మద్రాసులో నడిచింది. చదువులకు, కొలువులకు, అచ్చు పనులకు కోస్తా జిల్లాల నుంచి వెళ్లిన తెలుగువాళ్లు కూడా ఆ ట్రాముల్లో తిరిగారు. 1953లో మద్రాసు ట్రాములు ఆగిపోయాయి.  కరెంటు రాకముందు గుర్రం లాగే ట్రాము బండి నెమ్మదిగా పోయేది, దిగేవాళ్లు చూసుకుని దిగేవాళ్లు. కరెంటు ట్రాము వచ్చాక వేగం పెరిగింది, వీధులు చకచకా వెనక్కి పోయాయి, రాత్రి ప్రయాణాలు ఎక్కువయ్యాయి. దాంతో ముందు రాబోయే వీధి పేరు బండి లోపలే చూపించే పెట్టెల కోసం అమెరికాలో ఎందరో బుర్రకు పదును పెట్టి పేటెంట్లు తీసుకున్నారు.

ఆ పెట్టె నిర్మాణం తెలుసుకుంటే ముచ్చటేస్తుంది. బండి లోపల అందరికీ కనిపించేంత ఎత్తులో ఒక చెక్క పెట్టె, దానికి ముందు గాజు కిటికీ. లోపల పైనొక కడ్డీ, కిందొక కడ్డీ. పొడవాటి గుడ్డ పట్టీ మీద దారిలోని వీధుల పేర్లన్నీ వరుసగా రాసి, ఒక కడ్డీకి చుట్టి, రెండో కొసను ఇంకో కడ్డీకి తగిలిస్తారు. కడ్డీ చివర పళ్ల చక్రం ఉంటుంది. ఆ పళ్లలో ఒక చిన్న కొక్కెం పట్టుకుని ఉంటుంది కాబట్టి చక్రం వెనక్కి తిరగదు. పక్కనే తీగచుట్ట, అంటే విద్యుదయస్కాంతం. కండక్టరు బొత్తాం నొక్కగానే తీగచుట్టలో కరెంటు పారుతుంది, అయస్కాంతం ఇనుప మీటను లాగుతుంది, మీట పళ్ల చక్రాన్ని ఒక్క పన్ను ముందుకు నెడుతుంది. కిటికీలో ఉన్న పేరు పైకి పోయి తర్వాతి వీధి పేరు వచ్చి నిలుస్తుంది. అదే కదలికకు చిన్న గంట కూడా మోగేలా అమర్చవచ్చు. గంట విని తలెత్తితే చాలు, ముందు ఏ వీధి వస్తుందో తెలిసిపోతుంది. చివరి స్టాపు చేరాక చక్రాన్ని అటునుంచి ఇటు తిప్పేలా మారిస్తే, అదే పట్టీ తిరుగు ప్రయాణంలో వెనక నుంచి ముందుకు చుట్టుకుంటుంది.

కరెంటు, ఇనుము కలిసి పనిచేసే యంత్రం ఇది. ఇందులో లెక్కలు కట్టే తెలివి ఏమీ లేదు. ఒక నొక్కుకి ఒక పన్ను, ఒక పన్నుకి ఒక పేరు. అంత సరళం కాబట్టే బడిపిల్లలు కూడా అర్థం చేసుకోగలరు. కండక్టరు చేతి అవసరం లేకుండా బండే తనంతట తాను పేరు మార్చుకునే మార్గాలు కూడా ఆలోచించారు. పట్టాల పక్కన ఒక చిన్న గుంజ పెడితే, బండి కింద ఉన్న మీట దానికి తగిలి పేరు మారడం ఒక పద్ధతి. చక్రం ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టి, అంత దూరానికి ఒక పేరు కదిలించడం ఇంకో పద్ధతి. కొన్ని నమూనాల్లో పట్టీ మీద వీధి పేరు పక్కనే వ్యాపార ప్రకటన కూడా రాసేవాళ్లు. దానితో ఖర్చు రాబట్టుకోవాలని వాళ్ల ఆలోచన.

దీనికి ఒక పెద్ద లోపం ఉంది. ఒక్క నొక్కు తప్పిందంటే అక్కడి నుంచి చివరి స్టాపు దాకా ప్రతి పేరూ తప్పే. పన్ను జారినా అంతే, కొక్కెం అరిగినా అంతే. పేరు అసలు చూపించని బోర్డు వల్ల పెద్ద నష్టం లేదు, తప్పు పేరు చూపించే బోర్డు మనిషిని చీకట్లో దింపేస్తుంది. ఈ సంగతి గట్టిగా పట్టుకోండి. ఈనాటి ఉపగ్రహాల కాలంలో కూడా దీనికి విలువ తగ్గలేదు.

తర్వాతి తరాల్లో ఈ ఆలోచన రూపాలు మార్చుకుంది. ఇటలీలోని ఉదినె పట్టణపు సొలారి కంపెనీ, పుస్తకం పేజీల్లా తిరిగే రేకుల బోర్డు తయారుచేసింది. 1956లో బెల్జియంలోని లియేజ్ రైల్వే స్టేషన్‌లో దాన్ని పెట్టారు. టపటపమని రేకులు తిరిగి రైలు పేరు, వేళ నిలిచే ఆ బోర్డులు ప్రపంచమంతటా స్టేషన్లకు, విమానాశ్రయాలకు పాకాయి. 1961 ప్రాంతంలో కెనడాలోని ఫెరాంటీ ప్యాకర్డ్ కంపెనీలో కెన్యన్ టేలర్ అనే ఇంజనీరు చుక్కల బోర్డుకు ప్రాణం పోశాడు. చిన్న చిన్న బిళ్లలు, ఒకవైపు నలుపు, ఇంకోవైపు పసుపు. ప్రతి బిళ్లకూ ఒక అయస్కాంతం. వెనక ఉన్న తీగచుట్టకు ఒక్క క్షణం కరెంటు ఇస్తే బిళ్ల తిరగబడుతుంది. ఆ తర్వాత కరెంటు తీసేసినా అలాగే నిలుస్తుంది. ఎండలో కూడా చక్కగా కనిపిస్తుంది. అందుకే పడమటి దేశాల బస్సుల నుదుటి మీద ఈ బోర్డులు ఎన్నో ఏళ్లు ఉన్నాయి.

ఇక్కడ మన లిపికి సంబంధించిన చిక్కు ఒకటి ఉంది. ఇంగ్లీషు పెద్దక్షరం రాయడానికి ఎత్తున 7 చుక్కలు, అడ్డంగా 5 చుక్కలు చాలు. మన అక్షరానికి అవి చాలవు. ‘అత్తిలి’ అని రాసి చూడండి. తకు కింద ఒత్తు దిగుతుంది, పైన గుడి నిలుస్తుంది. ‘స్కిన్నెరపురం’ రాయాలంటే సకారం కింద కవొత్తు, నకారం కింద నవొత్తు. పైకీ కిందికీ చోటు వదిలి, గుండ్రాలు గుండ్రాలుగానే కనిపించాలంటే కనీసం 16 వరుసలైనా కావాలి. పక్కకు కూడా చోటు కావాలి, ‘తాడేపల్లిగూడెం’ ఒక్క చూపులో పట్టాలంటే బోర్డు పొడుగ్గా ఉండాలి, లేకపోతే అక్షరాలు పాకుతూ పోతాయి. వయసు మళ్లినవాళ్లు పాకే అక్షరాలు కూడబలుక్కునేలోగా ఊరు దాటిపోతుంది. గుడ్డ పట్టీ మీద కుంచెతో రాసిన రోజుల్లో ఈ చిక్కు ఉండేది కాదు. కుంచె పట్టిన మనిషి ఒత్తుకు ఎంత చోటు కావాలో అంత ఇచ్చేవాడు. కాబట్టి మన బస్సులకు బోర్డు కొనేటప్పుడు ఇంగ్లీషు కొలతలతో చేసిన సరుకు తెచ్చి అందులో తెలుగును ఇరికించకూడదు. తెలుగు అక్షరం కొలతతోనే బోర్డు చేయించాలి.

ప్రస్తుతం ప్రపంచంలో ఏం జరుగుతోందో చూద్దాం. లండన్ నగరంలో 2009 నాటికి సుమారు 8,000 బస్సుల్లో లోపల బోర్డు, గొంతు రెండూ వచ్చాయి. ముందు రాబోయే స్టాపు పేరు తెర మీద కనిపిస్తుంది, పైనుంచి వినిపిస్తుంది. బ్రిటన్‌లో ఇది నగరాలకే పరిమితం కాకుండా 2023లో చట్టబద్ధమైన నిబంధనలు తెచ్చారు. స్థానిక బస్సులు కూడా స్టాపులను చూపించాలి, వినిపించాలి. జపాన్‌లో కండక్టరు లేకుండా డ్రైవరొక్కడే నడిపే బస్సులున్నాయి. స్టాపు దాటగానే డ్రైవరు బటన్ నొక్కుతాడు, తర్వాతి స్టాపు పేరు రికార్డు చేసిన గొంతులో వినిపిస్తుంది. మన గోదావరి జిల్లాల నుంచి పిల్లల దగ్గరికి విదేశాలు వెళ్లిన అమ్మానాన్నలు, అక్కడి భాష అంతంతమాత్రంగా వచ్చినా ధైర్యంగా బస్సెక్కి గుడికో పార్కుకో వెళ్లిరాగలుగుతున్నారంటే, బస్సు లోపలి ఆ బోర్డు చేసిన సాయం ఎంతో ఉంది.

మన తెలుగు నేల మీదా ఇది కొత్తేం కాదు. 2017 నవంబరులో మొదలైన హైదరాబాద్ మెట్రో రైల్లో రాబోయే స్టేషన్ పేరు తెలుగులో కూడా చెబుతారు. 2023 జనవరి 15న సికింద్రాబాద్, విశాఖపట్నం మధ్య మొదలైన వందే భారత్ రైలు పెట్టెల్లో తెరలున్నాయి, ఉపగ్రహాల సాయంతో స్టేషన్లను చూపిస్తాయి. ఎక్కువ డబ్బు పెట్టి టిక్కెట్టు కొన్నవాళ్లకు, మహానగరంలో ఉన్నవాళ్లకు దొరికిన ఈ సౌకర్యం పల్లెవెలుగు బస్సులో ప్రయాణించే రైతుకూలీకి ఎందుకు దొరకకూడదు? నిజానికి దీని అవసరం అతనికే ఎక్కువ. మెట్రో ప్రతి స్టేషన్‌లోనూ ఆగుతుంది, ఎదురుగా గోడ మీద పెద్దక్షరాలతో పేరు ఉంటుంది. పల్లె బస్సు చెయ్యెత్తితే ఆగుతుంది, దిగేవాళ్లు లేకపోతే ఆగకుండా పోతుంది. ఎన్నో స్టాపుల్లో పేరు రాసిన రాయి కూడా ఉండదు.

చట్టం కూడా ఈ మాటే అంటోంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రజా రవాణా అందరికీ అందుబాటులో ఉండాలని చెప్పింది. 2015 డిసెంబరు 3న మొదలైన సుగమ్య భారత్ కార్యక్రమం ఉద్దేశం కూడా అదే. చూపులేనివారికి గొంతు, వినికిడి లేనివారికి అక్షరం. ఈ రెండూ కలిసి ఉంటేనే అందుబాటు అన్నది పూర్తవుతుంది. వాళ్ల కోసం పెట్టిన ఏర్పాటు మిగిలిన అందరికీ పనికొస్తుంది. నిద్రలోకి జారుకున్న విద్యార్థికీ పనికొస్తుంది, మూటల మధ్య నిలబడి కిటికీ కనిపించని కూరగాయల వ్యాపారికీ పనికొస్తుంది.

ఇక అసలు విషయం. ఇది మన బస్సుల్లో ఎలా సాధ్యం? నా ఆలోచన చెబుతాను, ఆర్టీసీలో పనిచేసేవాళ్లు, ఇంజనీరింగు చదివే పిల్లలు దీన్ని పరిశీలించాలని కోరుతున్నాను.

ఆర్టీసీ బస్సు దారిని స్టేజీలుగా విడగొడతారు. టిక్కెట్టు ధర స్టేజీని బట్టే. పూర్వం కాగితపు టిక్కెట్ల రోజుల్లో కండక్టరు ఒళ్లో ఎస్.ఆర్. షీటు ఉండేది. ప్రతి స్టేజీ దగ్గర టిక్కెట్ల నంబర్లు ఆ షీటులో రాసి స్టేజీ క్లోజ్ చేసేవాడు. తనిఖీవాళ్లు బస్సెక్కితే ముందు అడిగేది ఆ షీటే. తర్వాత టిక్కెట్లు కొట్టే టిమ్ మిషన్లు వచ్చాయి. ఇప్పుడు డిజిటల్ చెల్లింపులు తీసుకునే కొత్త యంత్రాలు కూడా వచ్చాయి. పద్ధతి మాత్రం మారలేదు. స్టేజీ దాటగానే కండక్టరు యంత్రంలో స్టేజీ మార్చాలి. అంటే దారిలోని ఊళ్ల పేర్లు వరుసగా ఆ యంత్రంలో ఉన్నాయి, బస్సు ఎక్కడికొచ్చిందో ఆ యంత్రానికి తెలుసు, మార్చే వేలు కూడా సిద్ధంగా ఉంది.

వందేళ్ల కిందటి ట్రాము కండక్టరు చేసిన పని సరిగ్గా ఇదే. అతని నొక్కుతో పట్టీ కదిలేది, పేరు అందరికీ కనిపించేది. మన కండక్టరు నొక్కుతూనే ఉన్నాడు, ఆ పేరు అతని అరచేతిలోని తెర దాటి బయటికి రావడం లేదు. ఆ యంత్రానికీ డ్రైవరు వెనక బిగించిన ఒక బోర్డుకూ, ఒక చిన్న స్పీకరుకూ సంబంధం కలిపితే చాలు. స్టేజీ మారగానే ముందు రాబోయే ఊరి పేరు తెలుగులో వెలుగుతుంది, ఒక గంట మోగి పేరు వినిపిస్తుంది. కండక్టరుకు కొత్త పని ఏదీ పడదు. పైగా గొంతు చించుకునే శ్రమ తగ్గుతుంది. బస్సు బ్యాటరీ 24 వోల్టులు, దానితో ఇలాంటి బోర్డు నడపడం కష్టం కాదు. స్టేజీల మధ్య ఉండే చిన్న స్టాపుల పేర్లు జాబితాలో చేర్చుకుంటే, వాటికి ఉపగ్రహాల ద్వారా చోటు తెలుసుకునే పరికరం తోడవుతుంది.

ఉపగ్రహాలే అన్నీ చూసుకుంటాయి కదా, నొక్కడమెందుకు అని అడగవచ్చు. దారి మారని చోట అవి చక్కగా పనిచేస్తాయి. మన దగ్గర దార్లు మారుతుంటాయి. కాలువ వంతెన పని జరిగితే బస్సు చుట్టు తిరిగి వెళుతుంది. అత్తిలిలో సుబ్రహ్మణ్యేశ్వరస్వామి షష్ఠి ఉత్సవాల రోజుల్లో జనసమ్మర్దానికి బస్సు మామూలు చోటికి రాలేకపోవచ్చు. అప్పుడు యంత్రం తనకు తెలిసిన జాబితానే పట్టుకుని కూర్చుంటుంది. పాత పెట్టెలో పన్ను జారితే జరిగిన నష్టమే ఇక్కడా జరుగుతుంది. కాబట్టి యంత్రం చెప్పింది సరిదిద్దే అధికారం కండక్టరు చేతిలో ఉండాలి. ఒక నొక్కుతో వెనక్కీ ముందుకూ జరిపే వీలుండాలి. బోర్డు కండక్టరు గొంతుకు తోడుగా నిలవాలి, అతన్ని దించేసే సాకు కాకూడదు.

పేర్ల విషయంలో మరింత శ్రద్ధ కావాలి. కాగితాల్లో ఒక పేరు, జనం నోట ఇంకో పేరు ఉన్న స్టాపులు మన జిల్లాల్లో బోలెడు. లాకులు అంటారు, రావిచెట్టు సెంటరు అంటారు, రైసుమిల్లు దగ్గర అంటారు. పది ఊళ్లలో రావిచెట్టు సెంటర్లున్నప్పుడు ఊరి పేరు కలిపి చెప్పాలి. రైసుమిల్లు మూతపడినా పేరు నిలిచిన చోట ఆ పేరే ఉంచాలి. ఈ జాబితాను ఎక్కడో ఆఫీసులో కూర్చుని రాయకూడదు. ఆ రూటులో ఏళ్ల తరబడి తిరిగిన కండక్టర్లు, డ్రైవర్లు, ఊళ్లలో పంచాయతీవాళ్లు, బడి పంతుళ్లు కూర్చుని రాయాలి. ఉత్త పేర్ల పట్టికే అయినా అది ఆ ప్రాంతపు జ్ఞాపకాన్ని భద్రపరిచే పత్రమవుతుంది.

గొంతు సంగతి రేడియోవాళ్లకు చెప్పనక్కర్లేదు. పేరు తప్పుగా పలికితే విన్న మనిషి ఉలిక్కిపడతాడు, తన ఊరు కాదనుకుంటాడు. యంత్రం ముక్కలు అతికించి పలికే తెలుగు కన్నా, ఈ నేల మీద పుట్టి పెరిగిన మనిషి చేత ఒక్కో పేరూ నిదానంగా చదివించి రికార్డు చేయడం మేలు. ముందు గంట, తర్వాత పేరు, కొంచెం ఆగి మళ్లీ పేరు. అంతకు మించి మాటలు వద్దు. మధ్యలో సినిమా పాటలు, ప్రకటనలు దూరిస్తే జనం చెవులు మూసుకుంటారు, అసలు పేరు కూడా వినిపించుకోరు. ప్రకటన అవసరమైతే బోర్డు అంచున, పేరు కన్నా చిన్న అక్షరాలతో ఉండనివ్వండి. భీమవరం బట్టల కొట్టో, తణుకు మందుల షాపో ఆ చోటుకు డబ్బు కడితే, బోర్డు బాగోగులకు కొంత ఆసరా దొరుకుతుంది.

బాగోగులు అంటున్నాను, ఎందుకంటే మన దగ్గర ఇలాంటివి పాడయ్యేది అక్కడే. కొన్నప్పుడు వెలిగి, ఆర్నెల్లకు ఆరిపోయే బోర్డులు మనం ఎన్ని చూడలేదు? సముద్రం దగ్గరి నేల మనది. గాలిలో తేమ ఎక్కువ, వైర్ల కొసలు తుప్పుపడతాయి. ఎండాకాలం దుమ్ము. గతుకుల రోడ్ల మీద ప్రతి స్క్రూ వదులవుతుంది. అందుకని బోర్డు సాదాగా ఉండాలి, డిపోలోని మెకానిక్కే విప్పి బాగుచేయగలగాలి, విడిభాగాలు దగ్గర్లో దొరకాలి. ఆ పాత చెక్క పెట్టెను మెచ్చుకుంటున్నది కూడా ఇందుకే. అది ఎలా పనిచేస్తుందో చూసిన ప్రతివాడికీ అర్థమయ్యేది, బాగుచేసే చేయి బండి దగ్గరే ఉండేది. మన తణుకు, తాడేపల్లిగూడెం, భీమవరం చుట్టుపక్కల పాలిటెక్నిక్‌లు, ఇంజనీరింగు కాలేజీలు ఎన్నో ఉన్నాయి. ఏటా పిల్లలు ప్రాజెక్టు వర్కు చేస్తారు. ఈ ఒక్క బోర్డును నాలుగు కాలేజీలు నాలుగు రకాలుగా చేసి, బస్సులో బిగించి పరీక్షిస్తే, వాళ్ల చదువు ఊరికి నేరుగా ఉపయోగపడుతుంది.

ఫోన్లో బస్సు ఎక్కడుందో చూపించే యాప్‌లు వచ్చాయి కదా, ఇంకా బోర్డెందుకు అనే ప్రశ్న కూడా ఉంది. యాప్ మంచిదే, స్టాపులో నిలబడ్డవాళ్లకు ఎంతో ఉపయోగం. లోపల కూర్చున్న ముసలమ్మ చేతిలో ఉన్నది బటన్ల ఫోను. కొల్లేటి గట్ల మీద సిగ్నలు ఎప్పుడు పోతుందో తెలియదు. ఫోను ఎవరిది వాళ్లకే కనిపిస్తుంది. బోర్డు అందరిదీ. ఒక్కటి వెలిగితే బస్సులోని ప్రతి మనిషికీ ఒకే సమాచారం ఒకే క్షణంలో అందుతుంది, చదవడం రానివాళ్లకు గొంతు అందుతుంది.

1932లో నిజాం రాజ్యంలో 27 బస్సులతో మొదలైన సంస్థ, 1958 జనవరి 11న ఏపీఎస్ ఆర్టీసీగా రూపుదిద్దుకుని మారుమూల పల్లెలకూ చక్రాలు చేర్చింది. ఊరికి బస్సు రావడమే గొప్ప అయిన రోజులు దాటి వచ్చాం. ఇప్పుడు ఆ బస్సు లోపల మనిషికి దక్కే మర్యాద గురించి ఆలోచించాల్సిన రోజులొచ్చాయి.

అందుకని నా విన్నపం చిన్నది. రాష్ట్రమంతా ఒకేసారి మార్చమని అడగడం లేదు. తణుకు నుంచి అత్తిలి మీదుగా భీమవరం వెళ్లే బస్సుల్లో కొన్నిటిని ఎంచుకోండి. వాటిలో బోర్డు, గొంతు అమర్చండి. మార్గశిర మాసంలో షష్ఠికి కొత్తవాళ్లు వేలాదిగా అత్తిలి వచ్చే రోజుల్లో అది ఎలా పనిచేస్తుందో చూడండి. చూపులేనివారిని, వినికిడి లేనివారిని పిలిచి ఆ బస్సుల్లో తిప్పి, వాళ్లు చెప్పిన మార్పులు చేయండి. కండక్టర్లనూ అడగండి. తప్పు పేరు ఎన్నిసార్లు వచ్చిందో, ఎందుకు వచ్చిందో రాసిపెట్టండి. బాగుందనిపిస్తే కైకలూరు దారికీ, ఏలూరు దారికీ తీసుకెళ్లండి. శ్రోతలు కూడా ఊరకే ఉండకుండా తమ ఊరి స్టాపులకు జనం వాడే పేర్లేమిటో వరుసగా రాసి, దగ్గరి డిపోలో మేనేజరుగారి చేతికి అందించాలి. బోర్డు ఎప్పుడొచ్చినా దానికి కావాల్సిన మొదటి సరుకు ఆ పట్టికే. అది రాయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఈ వారమే మొదలుపెట్టవచ్చు.